పన్నెండు వేల స్ప్లెండర్: విప్పినకొద్దీ పెరిగిన లెక్క

11 జనవరి 2025, శనివారం

కొని బాగుచేస్తున్న బండి: హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, 2008 మోడల్, 97.2 సీసీ, ఏపీ 16 సిరీస్. ఊరు విజయవాడ. రెండేళ్లకు పైగా రేకుల షెడ్డులో నిలబడి ఉంది. ధర 12,000. మీటరు 61 వేల దగ్గర ఆగింది. స్పీడో కేబుల్ తెగి ఉంది కాబట్టి ఆ అంకెను నమ్మడానికి లేదు. చోక్ లాగి పదిహేను కిక్కులు కొడితే స్టార్టయింది. ముందు తెల్ల పొగ, వేడెక్కాక నీలం పొగ. గేర్లు నాలుగూ పడుతున్నాయి, క్లచ్ జారడం లేదు.

పెండింగ్ చలాన్లు మూడు, హెల్మెట్ లేనివి, ఒక్కోటి 135. అమ్మినవారే కట్టి రసీదు ఇచ్చారు.

కొనే ముందు కాగితం మీద వేసుకున్న అంచనా: బోరింగ్ (అరిగిన సిలిండర్ గోడను లేత్ మీద కోసి వెడల్పు చేయడం), పిస్టన్ 2,000. టైర్లు, ట్యూబులు 3,200. చైన్ స్ప్రాకెట్ కిట్ 1,300. బ్రేక్ షూలు రెండు సెట్లు 500. బ్యాటరీ 900. ఆయిల్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, కేబుళ్లు 1,100. మొత్తం 9,000. పని సొంత చేతులతో, లేత్ పనులు మాత్రం బయట.

టైర్ల మీద గుండీలు (నేలను పట్టే మిట్టలు) బాగానే ఉన్నా మార్పు ఖాయం చేశాం. పక్క గోడ మీద 3214 అని ఉంది, అంటే 2014లో 32వ వారం తయారీ. గాలి కొట్టి పక్కలు నొక్కితే సన్న పగుళ్లు విచ్చుకుంటున్నాయి.

18 జనవరి. కంప్రెషన్, హెడ్ విప్పడం

స్ప్లెండర్ ప్లగ్‌ది 10 మి.మీ. థ్రెడ్. సిలిండర్‌లో గాలి ఒత్తిడి కొలిచే మామూలు కంప్రెషన్ గేజ్‌తో వచ్చే 14 మి.మీ. మూతి దీనికి పట్టదు, అడాప్టర్ కావాలి. ఇంజిన్ వేడిచేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఎనిమిది కిక్కులు కొడితే 85 పీఎస్ఐ. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొడితే 125. బాగున్న ఇంజిన్ 150 పైన చూపించాలి. ఆయిల్ పోస్తే అంకె పెరిగిందంటే పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి పోతోందని అర్థం. ఆయిల్ పోసినా 150 అందలేదు కాబట్టి వాల్వుల్లోనూ లీకుందన్న అనుమానం అప్పుడే వచ్చింది. ఇంతవరకు అంచనాకు దగ్గరలోనే ఉన్నాం.

సైలెన్సర్ విప్పడంతో లెక్క తప్పడం మొదలైంది. హెడ్ (సిలిండర్ పై మూత) దగ్గర సైలెన్సర్‌ను పట్టి ఉంచేవి రెండు ఎం6 స్టడ్లు, అంటే తల లేని బోల్టులు, వాటికి 10 నంబరు నట్లు. పదిహేడేళ్ల వేడి, వాన నీళ్లతో నట్టూ స్టడ్డూ ఒకే ముద్దయ్యాయి. తుప్పు స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశాం. ఒకటి వచ్చింది. రెండోది అంగుళంలో పావు వంతు తిరిగి, మెత్తగా అయిపోయి, హెడ్ లోపలే విరిగింది. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణంలోనే ఆపాలి. నట్టు ‘కిర్’మని శబ్దం చేస్తూ తిరిగితే తుప్పు వదులుతున్నట్టు. శబ్దం లేకుండా రబ్బరులా సాగితే స్టడ్డే మెలి తిరుగుతున్నట్టు. అప్పుడు కొంచెం బిగింపు వైపు, కొంచెం వదులు వైపు తిప్పుతూ, మధ్యలో బ్లో టార్చ్‌తో చుట్టూ అల్యూమినియాన్ని వేడిచేస్తూ పోవాలి. అల్యూమినియం ఉక్కుకన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులుతుంది. ఇక్కడ ఆ పని ఒక్క నట్టు ఆలస్యంగా మొదలైంది.

విరిగిన ముక్క హెడ్ అంచుకు లోపలే ఉండిపోయింది, పట్టుకునే వీలు లేదు. హ్యాండ్ డ్రిల్‌తో ప్రయత్నించలేదు. స్టడ్ గట్టిది, చుట్టూ అల్యూమినియం మెత్తది, డ్రిల్ ఎప్పుడూ మెత్తని వైపే జారుతుంది. ఆటోనగర్ లేత్ షాపులో హెడ్‌ను డ్రిల్లింగ్ మెషిన్ కింద బిగించి, నడిమధ్య పంచ్ కొట్టి, చిన్న బిట్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లి, హెలీకాయిల్ (కొత్త మరలా పనిచేసే తీగ చుట్ట) వేశారు. 400 రూపాయలు. స్టడ్ ధర ఇరవైకి మించదు.

హెడ్ ఎత్తాక పిస్టన్ తల మీది మసి గీకి చూస్తే 0.75 అని ముద్ర ఉంది. అంటే ఈ బండికి ఇదివరకే బోరింగ్ అయింది, అదీ మూడో సైజుకి. స్ప్లెండర్ స్టాండర్డ్ బోరు 50 మి.మీ. ఓవర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటీ దక్కలేదు. సిలిండర్ గోడ మీద పిస్టన్ పిన్ను ఎదురుగా పైనుంచి కిందికి ఒక గీత. గోరు దిగేంత లోతు. ఆ పిన్ను (గడ్జన్ పిన్) జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు వలయం, సర్క్లిప్, ఊడి బోరును కోసుకుంటూ తిరిగిన గుర్తు అది. లేత్ మేస్త్రీ కొలిచి చెప్పిందేమిటంటే 51 మి.మీ.కి కోసినా గీత పోదు.

ఇలా ఎందుకవుతుందంటే, గత బోరింగ్‌లో పాత సర్క్లిప్పులే మళ్లీ వేశారు. ఒకసారి తీసిన సర్క్లిప్ స్ప్రింగు గుణం కోల్పోతుంది, గాడిలో గట్టిగా కూర్చోదు. కొత్తది పది రూపాయలు. ఆ పది రూపాయల పొదుపుకు ఇవాళ సిలిండర్ బ్లాకే పోయింది. విప్పితే తప్ప కనిపించని చోట చేసిన ఆదా తర్వాత కొన్నవాడి జేబులోంచే పోతుంది. ఇది రాస్తుంటే నిజంగా బాధగానే ఉంది.

25 జనవరి. బ్లాక్ కిట్, హెడ్

రెండు దారులున్నాయి. పాత బ్లాకులో కొత్త స్లీవ్ (లోపలి గొట్టం) దించి స్టాండర్డ్‌కు కోయించడం, లేదా బ్లాకు, పిస్టన్, రింగులు, పిన్ను, సర్క్లిప్పులు కలిపిన కొత్త కిట్. స్లీవ్ దారిలో ఏడెనిమిది వందలు మిగులుతాయి. కానీ స్లీవ్ బిగుతు తక్కువైతే వేడికి కదులుతుంది, ఎక్కువైతే బ్లాకు చీలుతుంది. చేసే చేతిని బట్టి ఉంటుంది. కిట్ తీసుకున్నాం, 3,100.

(బోరింగే సరిపోయే బండి అయితే ఒక మాట. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపులో ఇచ్చి, దాని కొలతకు కోయించాలి. 0.25 అని ముద్ర ఉన్న రెండు పిస్టన్లు సరిగ్గా ఒకే కొలతలో ఉండవు. ముందు కోయించి తర్వాత పిస్టన్ వెతికితే ఒకటి పట్టేస్తుంది, ఒకటి తడతడలాడుతుంది.)

హెడ్‌ను తలకిందులు చేసి, ప్లగ్ బిగించి, వాల్వుల మీద పెట్రోలు పోస్తే ఎగ్జాస్ట్ వైపు పోర్టులోకి అరనిమిషంలో దిగిపోయింది. వాల్వు కాడ పట్టుకుని ఊపితే గైడ్‌లో, అంటే అది జారే గొట్టంలో, కదులుతోంది. గైడ్ అరిగితే కొత్త ఆయిల్ సీల్ వేసినా నెలలో పోతుంది, కాబట్టి సీళ్లు మాత్రం మార్చి ఊరుకోవడం డబ్బు పారేయడమే. గైడ్లు, వాల్వులు, సీళ్లు, సీట్ కట్టింగ్ కలిపి 1,150.

వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్, బయటికి తీస్తే ముక్కుల మీద గుంటలు. దాని కదలికను వాల్వులకు అందించే రాకర్ల కొనలూ అలాగే. కారణం క్లచ్ వైపు కవర్ విప్పినప్పుడు దొరికింది. స్ప్లెండర్‌లో మార్చే ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, దానికి తోడు గిర్రున తిరుగుతూ మట్టిని అంచులకు విసిరి పట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. దాని మూత తీస్తే లోపల నల్లటి ముద్ద, ఎండిన తారులా, స్క్రూడ్రైవర్ కొనతో గీకితే పొరలు పొరలుగా లేచింది. గిన్నెలో సగానికి పైగా అదే. ఆ గిన్నె నిండాక కొత్త మట్టికి చోటుండదు, ఆయిల్‌తోపాటే పైకి వెళ్లి క్యామ్‌ను తింటుంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కింద బోల్టు విప్పి పారబోస్తారు, ఈ కవర్ జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే గాస్కెట్ చిరుగుతుంది, అరగంట పని. క్యామ్, రాకర్లు 1,350.

టైమింగ్ చైన్, టెన్షనర్, రోలర్ 650. పూర్తి గాస్కెట్ సెట్ 350. ఇంజిన్ మొత్తం 7,000. అంచనాలో 2,000.

1 ఫిబ్రవరి. వెనక భాగం

వెనక చక్రం పట్టుకుని అడ్డంగా ఊపితే, ఆ చక్రాన్ని ఫ్రేముకు కలిపే స్వింగ్ ఆర్మ్ టక్కుటక్కుమంది. మెకానిక్కులు చిమ్టా బుష్ అనేది ఇదే. బుష్షులు జత 250, గంట పని అనుకున్నాం. రోజంతా పట్టింది.

నట్టు సులువుగానే వచ్చింది. పొడవాటి పివట్ బోల్టు కదల్లేదు. ఈ బుష్ రబ్బరుది, మధ్యలో ఉక్కు గొట్టం. ఆ గొట్టంలోంచి బోల్టు పోతుంది. కొత్తలో పూసిన గ్రీజు ఎప్పుడో ఎండింది. వెనక చక్రం చిమ్మే నీళ్లు అక్కడే నిలుస్తాయి. గొట్టం, బోల్టు ఒకటైపోయాయి. సుత్తితో కొడితే బోల్టు కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఆ తర్వాత తోవే మూసుకుపోతుంది. అందుకే నట్టు సగం ఎక్కించి దాని మీద కొట్టాలి. రబ్బరు ఉన్నందున వేడి చేయడమూ కుదరదు, మంటా పొగా వస్తాయి. చివరికి ఫ్రేముకు, స్వింగ్ ఆర్మ్‌కు మధ్య సన్న సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి రెండు వైపులా బోల్టును కోశాం. నాలుగు బ్లేడ్లు. మిగిలిన ముక్కలను బుష్‌తో సహా ప్రెస్సు మీద నొక్కించాం. బుష్షులు 250, బోల్టు 300, ప్రెస్ పని, బ్లేడ్లు 450. మొత్తం 1,000.

తిరిగి బిగించేటప్పుడు బోల్టు ఒళ్లంతా గ్రీజు పూశాం. నట్టు చివరి బిగింపు మాత్రం చక్రం నేల మీద ఆని, సీటు మీద మనిషి కూర్చున్నప్పుడే. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే పనిచేసి త్వరగా చిరుగుతుంది.

చక్రాలు: బేరింగులు నాలుగు 600 (పాతదాని మీది నంబరు చదివి అదే నంబరు కొనడం మేలు), హబ్ రబ్బర్లు 120, వెనక చువ్వల సెట్టు, బెండు తీయించడం కలిపి 650. చువ్వల నిపుల్స్ (కొనల నట్లు) తుప్పు పట్టి తిరగవు, తిప్పితే చువ్వ విరుగుతుంది, అందుకే సెట్టు మొత్తం. ముందు డ్రమ్ములో గాడులు పడ్డాయి, లేత్ మీద సాపు చేయించినందుకు 200. మొత్తం 1,570.

8 ఫిబ్రవరి. ముందు ఫోర్కులు

ఆయిల్ సీళ్లు మారిస్తే చాలనుకున్నాం. ఫోర్కు రాడ్ల మీద గోరు పెట్టి కిందికి జార్చితే సీలు తిరిగే చోటే గోరు తట్టుకుంటోంది. తుప్పు గుంటలు. అలాంటి రాడ్డు మీద కొత్త సీలు వేస్తే గుంట అంచు సీలు పెదవిని కోసి వారంలో మళ్లీ ఆయిల్ కారుతుంది. రాడ్లు జత 1,700, సీళ్లు, ఆయిల్ 400. స్టీరింగ్ కోన్ సెట్టు 450, ఎందుకంటే హ్యాండిల్ నడిమధ్యకు రాగానే గాడిలో పడినట్టు ఆగుతోంది. మొత్తం 2,550. అంచనాలో ఇందులో ఒక్క రూపాయి కూడా లేదు.

15 ఫిబ్రవరి. ట్యాంకు

టార్చి వేసి చూస్తే లోపల ఎర్రటి పొర. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో రెండేళ్లు నిలబెడితే జరిగేది ఇదే. తుప్పు మందు పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపి, కడిగి ఆరబెట్టాం. లోపల తెల్లగా మెరిసింది. పెట్రోలు పోస్తే అడుగున రెండు చోట్ల చెమ్మ. రేకు ఎప్పుడో చిల్లుపడింది. తుప్పే బిరడాలా అడ్డుపడి ఉంది, దాన్ని కడిగేయడంతో కారింది. పాత ట్యాంకు శుభ్రం చేయాలనుకునేవారు ఈ ఖర్చు ముందే పక్కన పెట్టుకోవాలి.

చిల్లులకు ఇత్తడి వెల్డింగ్. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకుకన్నా అదే ప్రమాదం. సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, అతుకు వేసే చోటు వరకు నీళ్లు నింపి పెట్టాకే మంట దగ్గరికి రానివ్వాలి. వెల్డింగ్, పెయింటు కలిపి 1,400. పెట్రోలు కాక్ 280, గొట్టం 60, కార్బొరేటర్ కిట్ 250. పాత గొట్టం ఉబ్బి మెత్తబడింది. 2023కు ముందు బండ్ల రబ్బరు భాగాలు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు కోసం చేసినవి కావు కాబట్టి ఇవి ఎలాగూ మార్చాల్సినవే. మొత్తం 1,990.

22 ఫిబ్రవరి. వైరింగ్

హెడ్‌లైట్ డోము విప్పితే మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు పదకొండు. రెండు అతుకుల్లో టేపు కరిగి జిగురు పాకింది. హెడ్‌లైట్ బల్బు పదే పదే ఎందుకు మాడుతోందో మల్టీమీటర్ చెప్పింది: ఇంజిన్ రేజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 16.8 వోల్టులు. వోల్టేజీని అదుపులో ఉంచే ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్) పోయింది. ఈ మోడల్‌లో హెడ్‌లైట్ నేరుగా మ్యాగ్నెట్ కాయిల్ కరెంటుతో వెలుగుతుంది, ఇంజిన్‌కు స్పార్కూ అక్కడినుంచే. అందుకే బ్యాటరీ చచ్చినా బండి నడుస్తుంది, జబ్బు ఏళ్ల తరబడి బయటపడదు. కొత్త యూనిట్ 450, వైరింగ్ కిట్ 850, బ్యాటరీ 950. ఇప్పుడు 14.4 వోల్టులు. మొత్తం 2,250.

1 మార్చి. బిగింపు

పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు కార్బొరేటర్ వైపు. సర్క్లిప్ వేసేటప్పుడు కింద క్రాంక్ నోట్లో గుడ్డ కుక్కాలి, జారిపడితే ఇంజిన్ అంతా విప్పాల్సి వస్తుంది. సర్క్లిప్ కొనల మధ్య సందు పిస్టన్ అంచున ఉన్న కోత మీదికి రాకూడదు. పై రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి పిస్టన్‌తో కిందికి నెట్టి, కొనల మధ్య ఫీలర్ గేజ్ పెడితే 0.2 మి.మీ. వచ్చింది. ట్యాపెట్లు (వాల్వుల మీది సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ పైకొసన ఉందని చూపే టీడీసీ గుర్తు దగ్గర 0.05 మి.మీ. ఆయిల్ 10డబ్ల్యూ30, 800 మి.లీ. పైన, ఇంజిన్ అంతా విప్పిన బండి కాబట్టి డిప్‌స్టిక్ చూసుకుంటూ.

టైర్లు 3,250, చైన్ కిట్ 1,350, షూలు 480, సర్వీసు సామాను 1,150. మొత్తం 6,230. అంచనా నిజమైంది ఈ ఒక్క వరుసలోనే.

12 మార్చి, బుధవారం. ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు)

అసలు దెబ్బ ఇక్కడ. ఆర్సీ గడువు 14 మార్చి 2023న ముగిసింది. పదిహేనేళ్లు దాటిన బైకు రెన్యువల్ రుసుము 2025 మార్చి నాటికి 1,000. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధన ప్రకారం ఆలస్యమైన ప్రతి నెలకూ, నెలలో కొంత భాగానికైనా, బైకుకు 300 అదనం. ఇవాళ్టికి 24 నెలల లెక్క, 7,200. మూడు రోజులు ఆలస్యమైతే మరో 300. అందుకే పెయింటు, సీటు కవరు, బ్యాడ్జీలు వెనక్కి నెట్టి, తనిఖీలో చూసే బ్రేకులు, లైట్లు, హారన్, ఇండికేటర్లు, టైర్లు ముందు పూర్తిచేశాం. ఆర్సీ గడువు తీరిన బండి చూస్తే బేరం మొదలుపెట్టకముందే గడువు తేదీ నుంచి నెలలు లెక్కపెట్టి 300తో గుణించి ధరలోంచి తీసేయాలి. ఈ వివరం పరివాహన్ (ప్రభుత్వ వాహనాల వెబ్‌సైట్)లో నంబరు కొట్టగానే కనిపిస్తుంది. ఇక్కడ చలాన్లు చూశాం, ఆర్సీ ఉందా అని చూశాం, గడువు మీద దృష్టి పెట్టలేదు.

ఫారం 25 రెన్యువల్‌కు, 29, 30 పేరు మార్పుకు. ఆర్సీ మీద లోను రాసి ఉంటే ఫారం 35, లోను ఇచ్చినవారి ఎన్ఓసీ కూడా కావాలి. ఈ బండికి ఆ చిక్కు లేదు. పేరు మార్పుకు 150. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 714, దానిపై 18 శాతం జీఎస్టీతో 843. మొత్తం 9,193. గ్రీన్ టాక్స్, నంబరు ప్లేట్లు దీనికి విడి.

స్టీరింగ్ మెడ మీది ఛాసిస్ నంబరును పెయింటు వేసే ముందే వైరు బ్రష్‌తో తోమి, కాగితం పెట్టి పెన్సిలు రుద్ది ప్రింటు తీసి ఉంచాం. దాని మీద మందంగా పెయింటు పడితే అంకెలు పూడుకుపోతాయి, తనిఖీలో బండి వెనక్కి వస్తుంది.

సామాను, లేత్ కలిపి 22,590. కాగితాలు 9,193. బండి 12,000. ఇప్పటిదాకా 43,783.

ఇంకో పాత స్ప్లెండర్ చూడాల్సి వస్తే డబ్బివ్వకముందు పది నిమిషాల్లో చూడగలిగేవి ఇవి: సైలెన్సర్ నట్ల రూపు, వెనక చక్రం అడ్డం ఊపు, ఫోర్కు రాడ్డు మీద గోరు, ట్యాంకులో టార్చి, డోములో అతుకులు, పరివాహన్‌లో తేదీ. ఇంజిన్ పొగ అందరికీ కనిపిస్తుంది, అమ్మేవాడూ దానికే ధర తగ్గిస్తాడు. ఈ ఆరింటికి ఎవరూ తగ్గించరు. ఇక్కడ ఇంజిన్‌లో అంచనా దాటింది 5,000. ఈ ఆరు చోట్ల పోయింది అంతకు దాదాపు మూడింతలు.

26 ఏప్రిల్. 500 కి.మీ.

గంటకు 45 దాటకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు పోనీయకుండా నడిపాం. వంద కిలోమీటర్లకు మార్చిన ఆయిల్ ఎండలో పట్టుకుంటే వెండి పొడిలా మెరిసింది. రింగులు బోరుకు అలవాటు పడేటప్పుడు రాలేది అది. ఇవాళ మార్చినదాంట్లో మెరుపు లేదు, రంగు మాత్రం ముదిరింది. కంప్రెషన్ 165. ఎగ్జాస్ట్ ట్యాపెట్ 0.05 నుంచి 0.03కి తగ్గింది, కొత్తగా కోసిన సీటులో వాల్వు కూర్చుంటోంది. మళ్లీ 0.05కి పెట్టి బిగించాం. హెలీకాయిల్ వేసిన స్టడ్డు దగ్గర మసి లేదు. ట్యాంకు అడుగున అతుకులు పొడిగా ఉన్నాయి. తర్వాతి తనిఖీ 1,500 దగ్గర, అప్పుడు క్లచ్ కవర్ విప్పి ఆ ఫిల్టర్ గిన్నె కడగాలి. గాస్కెట్ ఇప్పుడే కొని డబ్బాలో పెట్టాం.